నీళ్ళు తాగని పుంజు

గుట్టకిందపల్లెలో ఎవరింట్లో కోడికూర ఉడకబోతుందన్నా, ఇంటివాళ్ళ తర్వాత ఆ సంగతి తెలిసేది దూదేకుల షావలికే. తనకల్లు దాటి గుట్టల వైపు పోతే వచ్చే చిన్న ఊరు అది. ఆ ఊళ్ళో కోడిని ఎవరూ తమ చేత్తో కోసుకునేవారు కాదు. కురబలు గానీ, బోయలు గానీ, రెడ్లు గానీ, అందరూ కాళ్ళు కట్టి షావలి గడప ముందుకు తెచ్చేవారు. అతను దేవుని పేరు తలచుకుని కత్తి పెడితేనే ఆ కూర ఒంటికి పడుతుందని వాళ్ళ నమ్మకం. ఈ నమ్మకం ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. కూర ఆరిపోతుంటే ఇలాంటివి అడిగేదెవరు?

కత్తి పని ఎప్పుడో ఒకసారి. అసలు బతుకుతెరువు దూది. చలి మొదలయ్యే ముందు షావలి విల్లు భుజాన వేసుకుని చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగేవాడు. పాత పరుపు విప్పి, గడ్డకట్టిన దూదిని విల్లుతో ఏకి, నురగలాగా పొంగించి, మళ్ళీ కుట్టి ఇచ్చేవాడు. ఏ బొంతకు ఎంత దూది పట్టించాలో చేత్తో ఎత్తి చూసి చెప్పేవాడు. ఎండలు ముదిరాక పరుపు మాట ఎత్తేవాళ్ళుండరు. ఆ నెలల్లో ఇల్లు నడిచేది సైదాబీ కోళ్ళ మీద. సైదాబీ అతని భార్య. షావలి ఇంట్లో లేనప్పుడే ఇల్లు బాగా నడుస్తుందని ఆమె అభిప్రాయం, దాన్ని ఆమె దాచుకునేది కూడా కాదు.

కత్తి పట్టించేటప్పుడు షావలికి తండ్రి ఒకే ఒక్క మాట చెప్పాడు. నీళ్ళు తాగని జీవం మీద కత్తి పెట్టొద్దు, దాహంతో పోయే ప్రాణం ఉసురు తగులుతుంది అని. అందుకే గడప పక్కన ఒక మట్టిచిప్ప ఎప్పుడూ ఉండేది. కోడిని తేగానే చిప్పలో నీళ్ళు పోసి ముందు పెట్టేవాడు. చాలా కోళ్ళు గబగబా తాగేవి. కొన్ని తాగేవి కావు. తండ్రి అయితే అవి తాగేదాకా కూర్చునేవాడు. షావలికి అంత ఓపిక లేదు. అటు చుట్టాలు ఆకలితో ఉంటారు, ఇటు కూర వండే ఆడమనిషి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంటుంది. అతను కోడి ముక్కును పట్టి ఒక్కసారి నీళ్ళలో ముంచి తీసేవాడు. ముక్కు తడిసింది కాబట్టి తాగినట్టే. దేవుడు మరీ అంత పట్టించుకోడులే అనుకున్నాడేమో.

అతని గడప ముందుకు వచ్చిన కోళ్ళలో బోడిమెడవి ఎక్కువ. మీరూ చూసే ఉంటారు. ఒళ్ళంతా ఈకలే, మెడ మాత్రం బోసిగా ఎర్రగా ఉంటుంది. గొంతు కింద చిన్న ఈకల పుంజం ఉంటే ఉంటుంది, లేకపోతే అదీ లేదు. చూడ్డానికి అందమైన పక్షి కాదు, ఒప్పుకోవాల్సిందే. గజ్జి పట్టిందని కొందరు, గుడ్లు పొదిగేటప్పుడు తల్లి రాబందును చూసిందని కొందరు చెప్పుకునేవారు. జాతరలో గంగమ్మకు అలాంటి కోడిని ఇవ్వరు. అమ్మవారికి ఈక తక్కువైన పక్షి పనికిరాదు. అమ్మవారికి పనికిరానిది చుట్టాలకు పనికొస్తుంది గనక, ఎవరైనా ఇంటికొస్తే ముందు బోడిమెడ కోడికే మూడేది. అలా ఏళ్ళ తరబడి ఆ ఊరి బోడిమెడ కోళ్ళన్నీ ఒక్కొక్కటిగా షావలి చిప్పలో ముక్కు ముంచి వెళ్ళిపోయాయి. సైదాబీ దగ్గర మాత్రం ఒక ముసలి పెట్ట మిగిలింది. దాని పేరు బోడెమ్మ. పిల్లల్ని గద్దకు ఇవ్వని తల్లి అది. దాని మీద కత్తి పెడితే ఇంట్లో సంగటి ఉండదని సైదాబీ మొగుడికి ముందే చెప్పి ఉంచింది.

యాభైల చివర్లో బ్లాకు ఆఫీసు వచ్చింది. దాంతోపాటు గ్రామసేవక్ జయరాముడు వచ్చాడు. సైకిలు వెనక గంప కట్టుకుని, గంపలో సీమపుంజును, పరదేశపు జాతిదాన్ని, పెట్టుకుని మరీ వచ్చాడు. ఎర్రగా, బరువుగా, పెళ్ళికొడుకులాగా ఉంది అది. ఈ పుంజు ఊళ్ళో తిరిగితే పుట్టే పిల్లలు పెద్దవవుతాయి, పెట్టలు గుడ్లు ఎక్కువ పెడతాయి, కానీ నాటు పుంజులు ఉంటే జాతి చెడిపోతుంది, వాటిని తీసేయాలి అన్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. తనకు నేర్పించింది నమ్మి చెప్పాడు. ఊరు కూడా నమ్మింది. చుట్టుపక్కల పల్లెలకూ అలాంటి పుంజులే వచ్చాయి. ఆ వారమంతా షావలికి చెయ్యి తీరిక లేదు. ఊళ్ళోని నాటు పుంజులన్నీ కూరలైపోయాయి, ఊరు ఊరంతా పండగ చేసుకుంది. సీమపుంజును సైదాబీ దొడ్లో ఉంచారు, ఎందుకంటే కోళ్ళ సంగతి ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని అందరూ అన్నారు. ఆమె ఆ పొగడ్తకు పొంగిపోయి దానికి కొర్రలు కూడా పెట్టింది.

ఆ మరుసటి ఏడు వానల్లేవు. ఉగాదికే ఎండ మండింది. వైశాఖం వచ్చేసరికి మిద్దె మీద వేసిన బండలు పొద్దుగూకినా చల్లారడం లేదు. గాలి వీస్తే వడగాలి, వీయకపోతే ఉడుకు. కోళ్ళు రెక్కలు ఒంటికి దూరంగా ఎత్తుకుని, నోళ్ళు తెరిచి, గొంతులు కొట్టుకుంటూ గోడ నీడన నిలబడేవి. నీళ్ళు పెడితే ఎగబడేవి, కానీ ఎంత తాగినా ఆ నోళ్ళు మూతపడేవి కావు. ఒకరోజు మధ్యాహ్నం సీమపుంజు నీళ్ళకుండ పక్కనే కూలబడి పోయింది. కుండ నిండుగా ఉంది. దాహంతో పోలేదు, ఒంట్లో వేడితో పోయింది. తర్వాత పెట్టలు వరసపెట్టాయి. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ అదే గోల.

సైదాబీకి నాలుగు పెట్టలు మిగిలాయి, బోడెమ్మ కాకుండా. ఊళ్ళో పుంజు అనేదే లేదు. ఆమె దొడ్లో కూర్చుని ఏడ్చింది. కోళ్ళ కోసమే కాదు. కూతురు మేరాజ్ బీ తొలి కాన్పుకు కార్తీకం దాటాక పుట్టింటికి రావాల్సి ఉంది. బాలింతకు నలభై దినాలు కోడి పులుసు, గుడ్డు పెట్టకపోతే అది పుట్టిల్లే కాదు. అప్పటికి కోళ్ళు ఎదగాలంటే తొలకరికి పొదగెయ్యాలి. పొదగెయ్యాలంటే పుంజు కావాలి. పుంజు లేని గుడ్డును ఎన్నాళ్ళు పొదిగినా అది గుడ్డే.

"బిడ్డ పురిటికొచ్చే ఏం పెట్టల్ల? నీ విల్లు ఉడకబెట్టి పెట్టల్లనా?" అని మొగుణ్ణి నిలదీసింది.

 షావలి బోడెమ్మను చూస్తున్నాడు. ఇంత ముసలిది, ఎండలో, గుంటలో కాళ్ళతో మట్టి గీరుకుంటూ తిరుగుతోంది. ముక్కు మూసే ఉంది. పక్కనే వయసు పెట్ట నోరు తెరుచుకుని ఒగురుస్తోంది. ఇదేమిటి ఇట్లా అని అతనికి తోచింది. అంతకుముందు ఎన్నిసార్లు చూశాడో, ఒక్కసారీ తోచలేదు. దాన్ని పట్టుకుని మెడ మీద చెయ్యి పెట్టాడు. మెడ కాలుతోంది. వయసు పెట్టను పట్టుకుని ఈకల మీద చెయ్యి పెడితే ఏమీ తెలియలేదు. ఈకల కిందికి వేళ్ళు పోనిస్తే మాత్రం లోపల ఉడికిపోతోంది.

దూదేకులవాడికి ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. బొంత కప్పుకున్నవాడి ఒంటి వేడి బొంతలోనే ఉంటుంది. మెడ బయటపెట్టి పడుకున్నవాడికి కాస్త ఊపిరాడుతుంది. ఆ కోళ్ళన్నీ వైశాఖంలో బొంతలు కప్పుకుని నిలబడ్డాయి. బోడెమ్మ ఒక్కటే మెడ దగ్గర బొంత తీసేసింది. షావలికి ఎంత సంతోషం వేసిందంటే, లేచి రెండుసార్లు దొడ్డంతా తిరిగాడు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ బొంత బరువైతే కుట్లు విప్పి దూది తీసేయడం అతని వృత్తి. సైదాబీ చెలమ నీళ్ళకు పోయిన సమయం చూసి, నాలుగు పెట్టల్నీ ఒక్కొక్కటిగా ఒడిలో పెట్టుకుని మెడల మీద ఈకలు పీకేశాడు. తిరిగొచ్చిన సైదాబీ బిందె దించకుండానే నిలబడిపోయింది.

"ఏం చేసినావు, మేరాజు నాయనా?"

"బొంత తీసేసినా. ఇంగ సావవు సూడు."

ఆమె అన్న మాటలు ఇక్కడ రాయడం బాగుండదు. పెట్టలు మాత్రం ఆమె మాటే నిజం చేశాయి. పీకిన చోట తోలు ఎండకు కమిలి పొక్కింది. రక్తం కనిపిస్తే కోళ్ళు ఊరుకోవు, ఒకదాని మెడ ఒకటి పొడుచుకున్నాయి. ఒక పెట్ట ఆ పుండుతోనే పోయింది. మిగిలిన వాటికి కొన్నాళ్ళకు ముళ్ళలాగా కొత్త ఈకలు మొలిచాయి. షావలి రోజూ వాటిని పట్టుకుని చూసి, "మళ్ళ మొలిచినాయే" అని దిగులుగా అనేవాడు. సైదాబీ అతనితో మాట్లాడడం మానేసింది. కోళ్ళతో మాట్లాడుతూ అతనికి వినిపించేది.

పోయిన పుంజు సంగతి రాసుకుపోవడానికి జయరాముడు వచ్చాడు. ముందు కొక్కెర తెగులు అనుకున్నాడు. తెగులైతే రెట్ట పచ్చగా ఉంటుంది గదా, ఇవి మధ్యాహ్నమే పోతున్నాయి, పొద్దున పోవడం లేదు అని షావలి చెప్పాక ఆలోచనలో పడ్డాడు. ఆ తర్వాత పీకిన మెడల కథ విని కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాడు.

"నవ్వొద్దు సారూ. బోడెమ్మ మెడ పట్టుకోని సూడు, ఆ పెట్ట రెక్క కింద సూడు. తరువాత నవ్వు," అన్నాడు షావలి.

జయరాముడు మంచి మనిషి. కింద కూర్చుని రెంటినీ పట్టుకుని చూశాడు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ చూశాడు. నవ్వడం మానేశాడు.

"ఇది నాకెవురూ చెప్పలేదన్నా. మాకు నేర్పిచ్చిన చోట అన్నీ సీమకోళ్ళ సంగతులే. కానీ నువ్వు పీకితే అది దాని మెడే గానీ దాని రక్తం కాదు. నువ్వు గుండు కొట్టిచ్చుకున్నంత మాత్రాన నీ బిడ్డ గుండుతో పుట్టిందా? బోడిమెడ తల్లిదండ్రుల నుంచే రావల్ల. బోడిమెడ పుంజు ఉంటే దాని పిల్లల్లో కొన్నిటికన్నా వస్తాది."

"కొన్నిటికేనా? అన్నిటికీ రాదా?"

"అది పుంజును బట్టి. నాకూ సరిగ్గా తెలీదు. దొరికితే ఇద్దరం సూస్తాం."

షావలి వెతకడానికి బయల్దేరాడు. కదిరి సంతకు పోయాడు, చుట్టూ పల్లెలు తిరిగాడు. ఎండకు కోళ్ళు పోవడం అన్ని ఊళ్ళలోనూ ఉంది. ఎక్కడో ఒకటీ అరా పుంజు దొరికినా నిండా ఈకలున్నదే, అదీ నోరు తెరుచుకునే ఉంది. బోడిమెడ పుంజు అనగానే అందరూ ఒకే జవాబు చెప్పారు. ఉండిందప్పా, కోసినాం అని. రెండు మూడు ఇళ్ళలో, "నువ్వే గదా షావలన్నా కోసింది, మరిసినావా?" అన్నారు. అతను మరిచిపోలేదు. గుర్తు పెట్టుకోలేదు, అంతే. ఏ కోడి మెడ ఎలా ఉండిందో కత్తి పెట్టేవాడు చూడకుండా ఎలా ఉంటాడు? చూశాడు. చూసి వదిలేశాడు. 

ఆ వారంలోనే, నడినెత్తిన ఎండ ఉండగా, తిప్పమ్మ వచ్చింది. ఆమె గొర్రెలు కాసే ఓబన్న భార్య, షావలికి నాలుగిళ్ళ అవతల ఉంటుంది. చంకలో పుంజు. బోడిమెడ పుంజు! గొంతు కింద చిన్న ఈకల పుంజం, మెడంతా ఎర్రగా, కళ్ళు మిరపగింజల్లాగా. ఓబన్న దాన్ని గుట్ట మీద గొర్రెల దొడ్డిలో పొద్దున్నే లేపడానికి పెంచుకున్నాడట. ఊళ్ళో పుంజుల్ని కోసిన వారం అది గుట్ట మీద ఉండబట్టి మిగిలింది. ఇన్నాళ్ళూ దాని సంగతే ఎవరికీ గుర్తులేదు.

"బిన్నా కొయ్యన్నా. అల్లుడొచ్చినాడు, రాప్తాడు నుంచి. పెండ్లయినాక ఇదే మొదటి తూరి. మసాలా నూరి పెట్టొచ్చినా," అంది తిప్పమ్మ.

 సైదాబీ తడిక పక్కకు వచ్చి నిలబడింది. పుంజును చూసింది, మొగుణ్ణి చూసింది. ఎన్నో రోజుల తర్వాత మొదటిసారి సూటిగా అతని ముఖంలోకి చూసింది.

"తిప్పమ్మా, ఊర్లో ఇదొక్కటే పుంజు. దీన్ని కోచ్చే..." అని మొదలుపెట్టాడు.

"కొయ్యకపోతే అల్లుని ముందర ఏం పెట్టల్ల? మజ్జిగ పోసి పంపియ్యల్లనా? రాప్తాడంతా చెప్పుకుంటారు. నువ్వు కొయ్యవా చెప్పు, పక్కూరికి పోతా."

పోతుంది. తిప్పమ్మ అన్నదంటే చేస్తుంది. అక్కడ ఇంకో కత్తి ఉంది. షావలి మారుమాట లేకుండా పుంజును అందుకుని కాళ్ళు కట్టాడు. చిప్పలో నీళ్ళు పోసి ముందు పెట్టాడు.

పుంజు నీళ్ళ వంక చూసింది. ముఖం తిప్పుకుంది.

నేల కాలుతోంది. గోడ నీడ అడుగు వెడల్పు కూడా లేదు. అలాంటి ఎండలో ఏ కోడైనా ఆ చిప్ప మీద పడాలి. ఇది ముక్కు మూసుకుని, ఏమీ ఎరగనట్టు, తడిక వైపు చూస్తూ కూర్చుంది. షావలి చెయ్యి అలవాటుగా దాని తల మీదికి పోయింది. ముక్కు ముంచి తీయడమే మిగిలింది. కానీ చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇలా ముఖం తిప్పుకున్న కోళ్ళు ఒక్కటొక్కటే అతని కళ్ళ ముందుకు వచ్చాయి. ఏ కోళ్ళు తాగేవి కావో ఇప్పుడు తెలిసింది. ఎర్ర మెడలవే. మాకు దాహం లేదు అని అవి చెబుతూనే ఉన్నాయి. అతను పట్టి ముంచుతూనే ఉన్నాడు. షావలి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ముంచన్నా. ఎప్పుడూ ముంచుతావు గదా," అంది తిప్పమ్మ. ఆమె అన్నీ గమనిస్తుంది.

"ముంచితే తాగినట్ల కాదు. తాగల్ల. మా నాయన మాట అది."

"మీ నాయన పోయి ఎన్నేండ్లాయ! ఈ పొద్దే గుర్తొచ్చినాడా?"

"అవును. ఈ పొద్దే వచ్చినాడు."

తిప్పమ్మకు కోపం నషాళానికి అంటింది. నా ఇంటి పరువు నీ చిప్పలో పెట్టినావు గదన్నా అంది. అంటూనే కూర్చుంది, ఎందుకంటే నీళ్ళు తాగని కోడిని పక్కూరివాడు మాత్రం కోస్తే కూర ఒంటికి పడుతుందా అన్న అనుమానం ఆమెకూ పట్టుకుంది. ముగ్గురూ పుంజు ముక్కు వంకే చూస్తూ కూర్చున్నారు. నీడ కాస్త పెరిగింది. పుంజు ఒకసారి కళ్ళు మూసి తెరిచింది, అంతే.

ఆకలి తట్టుకోలేక అల్లుడే వెతుక్కుంటూ వచ్చాడు. కొత్త పంచె, చెమటతో వీపుకు అతుక్కున్న చొక్కా. పేరు సోమప్ప. సంగతి విని అతనూ చిప్ప ముందు గొంతుక్కూర్చున్నాడు. ఈ మెడేమి ఇట్లుండాది అని అడిగాడు. షావలి చెప్పాడు. బొంత సంగతి, బోడెమ్మ సంగతి, పీకిన మెడల సంగతి, పురిటికి రాబోయే కూతురి సంగతి కూడా. కొత్త అల్లుడికి అన్నీ చెప్పాల్సిన పని లేదు, కానీ ఆగలేకపోయాడు. సోమప్ప ధైర్యం చేసి పుంజు మెడ పట్టుకున్నాడు.

"అబ్బ, కుంపటి మాదిరి ఉండాది! మా ఊర్లో ఉన్నవన్నీ సచ్చినాయి అత్తా. దీన్ని కోచ్చే మనంతట మనమే బుద్ధి లేనోళ్ళమైతాం. నాకు పప్పు చాలు."

"పప్పా?" అంది తిప్పమ్మ. అల్లుడికి పప్పు పెట్టిన అత్తగా మిగిలిపోవడం కన్నా పెద్ద అవమానం ఆమెకు తెలియదు. అప్పుడు సైదాబీ లోపలికి పోయి ఒక గిన్నె నిండా గుడ్లు తెచ్చింది. పుంజు లేని గుడ్లు, పొదగడానికి పనికిరానివి. పులుసుకు మాత్రం బ్రహ్మాండంగా పనికొస్తాయి.

"నూరిన మసాలా యాడికీ పోదు తిప్పమ్మా. గుడ్ల పులుసు పెట్టు. పుంజును నాకు పాలుకియ్యి," అంది.

పెట్టను పాలుకివ్వడం అందరికీ తెలిసిందే. ఒకరి పెట్టను ఇంకొకరు పెంచితే పిల్లలు చెరి సగం. పుంజును పాలుకివ్వడం ఎవరూ వినలేదు. పుంజు తాలూకు పిల్లలివి అని ఎవరు చెప్పగలరు అంది తిప్పమ్మ. షావలి నవ్వాడు. దీని పిల్లలకు దీని మెడే సాక్షి, బోడిమెడతో పుట్టినవాటిలో సగం నీవి అన్నాడు. తిప్పమ్మ కాసేపు ఆలోచించి, అన్నీ బోడిమెడవే పుట్టాలని గంగమ్మకు అక్కడికక్కడే మొక్కుకుంది.

షావలి కాళ్ళ తాడు విప్పాడు. పుంజు లేచి, ఒళ్ళు విదిల్చి, తిన్నగా చిప్ప దగ్గరికి పోయి నీళ్ళు తాగింది!

"ఇప్పుడు తాగింది గదా!" అని అరిచింది తిప్పమ్మ. కానీ అప్పటికే గుడ్ల గిన్నె ఆమె చేతిలో ఉంది. దాహం లేక తాగలేదో, కాళ్ళు కట్టినందుకు బెదిరి తాగలేదో షావలికి ఎప్పటికీ తేలలేదు. తేలలేదని అతను జయరాముడితో కూడా చెప్పాడు. ఇద్దరూ దాని మీద చాలాసార్లు వాదించుకున్నారు.

ఊళ్ళో ఆ ఒక్క పుంజే తిరగబట్టి, తొలకరికి ఇంటింటా పెట్టలు పొదిగాయి. పిల్లలు బయటపడిన రోజు షావలి విల్లు మూలన పెట్టి దొడ్లోనే కూర్చున్నాడు. సుమారు సగం పిల్లలకు మెడ బోసిగా ఉంది, మిగతా సగానికి లేదు. అంతా ఒకే పుంజు సంతానం కదా, సగమే ఎందుకని అతనికి ఎడతెగని ఆలోచన. బోడెమ్మ ముసలిదై గుడ్లు మానేసింది, గుడ్లు పెట్టిన పెట్టలన్నీ ఈకల మెడవి, పుంజు మెడ కూడా పూర్తిగా బోసి కాదు, గొంతు కింద పుంజం ఉంది, అంటే పుంజు రక్తంలోనే సగం ఇదీ సగం అదీ ఉందేమో అని జయరాముడు అన్నాడు. గంగమ్మ తన మొక్కు సగమే విన్నదని తిప్పమ్మ అంది. తర్వాత జరిగినది కూడా ఇప్పుడే చెప్పేస్తాను. మరుసటి వైశాఖంలో మళ్ళీ అలాంటి ఎండే కాసినప్పుడు ఎక్కువగా పోయినవి ఈకల మెడలవి. బోడిమెడవాటిలోనూ కొన్ని పోయాయి, అన్నీ నిలిచాయని చెబితే అబద్ధం. కానీ ఆ ఏడు ఊళ్ళో ఏ దొడ్డీ ఖాళీ కాలేదు.

పిల్లలు పుట్టిన ఆ ఏడే, కార్తీకం దాటాక మేరాజ్ బీ వచ్చింది, ఆడపిల్లను కన్నది. బాలింతకు మొదటి పులుసు పెట్టే రోజు సైదాబీ ఒక ఈకల మెడ పుంజును పట్టుకొచ్చింది. షావలి చిప్ప పెట్టాడు. అది తాగేదాకా కూర్చున్నాడు. ఆ వేసవి నుంచి అతను ఏ కోడి ముక్కూ ముంచలేదు. షావలి చిప్ప దగ్గర కూర ఆలస్యమవుతుందని ఊరంతా సణుగుతూనే అలవాటు పడింది. తర్వాత ఇంకోటి పట్టుకొచ్చింది. అదీ ఈకల మెడదే. మూడోసారీ అదే.

"అన్నీ ఈకలవే తెస్తాండావే?" అని అడిగాడు.

"బోడిమెడవి ఎట్ల కోస్తాం? ఎండాకాలానికి అవి గదా కావల్సింది. ఊర్లో అందరూ ఇట్లనే చేస్తాండారు."

షావలి ఆ పుంజును ఒడిలో పెట్టుకున్నాడు. బయట మార్గశిరం చలి. గంప కింద రెండో విడత పుట్టిన బోడిమెడ పిల్లలు ఒకదానిలో ఒకటి దూరి ముడుచుకుని ఉన్నాయి. అతను పొద్దున ఏకగా మిగిలిన దూదిని వాటి కింద పరిచి వచ్చాడు. ఈకలవి మాత్రం హాయిగా మంచులో తిరుగుతున్నాయి. ఒకప్పుడు ఊరు బోడిమెడ జాతినంతా తన చేతికిచ్చి కోయించింది. ఇప్పుడు ఈకల మెడ జాతినంతా తెచ్చి ఇస్తోంది. కత్తి అదే, చెయ్యీ అదే.

"చలికి ఏవి నిలుస్తాయో మనమింగా సూడలేదు గదే," అన్నాడు.

సైదాబీ అతని వంక చూసింది. తిడుతుందనుకున్నాడు. ఆమె పుంజును తీసుకుపోయి గంప కింద వదిలి, ఇంకోదాన్ని పట్టుకొచ్చింది. ఎర్ర మెడ, గొంతు కింద చిన్న పుంజం. ఒకటి అదీ, ఒకటి ఇదీ అని ఆ రోజు నుంచి వాళ్ళిద్దరి మధ్యా ఒప్పందం.

షావలి చిప్ప కడిగి, కొత్త నీళ్ళు పోసి దాని ముందు పెట్టాడు. అది నీళ్ళ వంక చూసి ముఖం తిప్పుకుంది. అతను గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

లోపల పసిబిడ్డ ఏడ్చి ఊరుకుంది. "నాయనా, పొయ్యి ఆరిపోతాండాది. ఇంగా ఎంతసేపు?" అని మేరాజ్ బీ అడిగింది.

"తాగనీ తల్లీ," అన్నాడు షావలి. "తాగల్లనో వద్దో దాన్నే చెప్పనీ."